తలుపు వెనక గాలి

నలభై రెండు తలుపులు. లెక్క నాది కాదు, ఆ ఇంటి అమ్మగారిది. గోడ అలమారలు, వంటింటి గూళ్ళు, పుస్తకాల బీరువాలు, మేడ మీద బట్టల అరలు అన్నీ కలిపి నలభై రెండు. జూబ్లీహిల్స్‌లో బండల మీద కొత్తగా లేచిన ఇల్లు. ఎనభై తొమ్మిదో సంవత్సరం, మండుటెండలు. పట్టాభిరామయ్య గారని సినిమాలు తీసే ఆయన మద్రాసు ఖాళీ చేసి వచ్చి కట్టుకున్నాడు. మాకంటే ముందు ఎవడో మేస్త్రీ ఆ తలుపులు బిగించి చేతులు దులుపుకొని పోయాడు. ఒక్కటంటే ఒక్క తలుపు మర్యాదగా మూసుకోదు. లోపల అయస్కాంతం ముక్కలు పెట్టాడు మహానుభావుడు. తలుపు దగ్గరికి రాగానే అవి లాక్కుని ఠపీమని కొట్టేవి. మంచి టేకును అట్లా పాడు చేసినవాడి చేతులు విరగ్గొట్టాలని నేను అమ్మగారి ముందే అన్నాను.

"అరవకయ్యా ఓదెలూ," అన్నారావిడ రెండు కణతలూ నొక్కుకుంటూ. ఆవిడ పేరు బాలాత్రిపురసుందరి. పార్శ్వనొప్పి మనిషి. "తలుపు కొట్టుకుంటే నా ప్రాణం పోయినట్టుంటుంది. గృహప్రవేశం పన్నెండు రోజులే ఉంది. ఆలోపల ఈ ఇంట్లో ఏ తలుపూ చప్పుడు చేయకూడదు. పని చేసేటప్పుడు మీరు కూడా మాట్లాడకండి."

అవతల ఫిలింనగర్ వైపు రోజూ బండలు పేలుస్తున్నారు. పేల్చినప్పుడల్లా గుట్టంతా అదిరి, కిటికీ అద్దాలు గలగలమనేవి. దాన్ని ఆపమని ఎవరిని అడుగుతారు? మమ్మల్ని అడిగారు. పెద్దవాళ్ళ న్యాయం ఎప్పుడూ అంతే.

నేనైతే పళ్ళు బిగపట్టుకుని ఊరుకోగలను. మా తమ్ముడు జంగయ్య ఊరుకునే రకం కాదు. ఇరవై ఆరేళ్ళవాడు, పెళ్ళయి రెండేళ్ళు. చెక్కతో మాట్లాడతాడు, ఉలితో మాట్లాడతాడు, సినిమావాళ్ళ గొంతులన్నీ అనుకరిస్తాడు. వాడి నోటికి తాళం వేయడం మా అమ్మ వల్లే కాలేదు. కానీ పనితనం? నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, చేతి పనిలో నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. ఈ మాట వాడు బతికుండగా వాడి ముఖం మీద నేనెప్పుడూ అనలేదు.

మొదటి రోజు నేను తలుపులకి దళసరి ఉన్ని గుడ్డ ముక్కలు అంటించాను. చప్పుడు తగ్గింది కానీ పోలేదు. జంగయ్య నా పక్కన గొంతుకూర్చుని, తలుపు మూస్తూ తెరుస్తూ చాలాసేపు చూశాడు.

"అన్నా, తలుపుని మనం ఆపద్దు," అన్నాడు గుసగుసగా. "గాలితోని ఆపియ్యాలె."

"గాలేం చేస్తదిరా? పని చూడు."

"జర చూడు నువ్వు. అలమార లోపల గాలుంటది గదా. తలుపు మూస్తుంటే గా గాలి బయటికి ఉర్కుతది. సందు పెద్దగుంటే సర్రున పోతది, తలుపు ఠప్పుమంటది. సందు వెంట్రుక మందం ఉంచినమనుకో, గాలికి తొవ్వ దొరకది. గప్పుడు గదే తలుపును పట్టుకుంటది."

వాడు ఒక తలుపు ఊడదీసి, అయస్కాంతం పీకి పారేశాడు. అంచుకి సన్నటి టేకు పట్టీ అతికి, చట్రానికి సరిపోయేదాకా చిత్రిక పట్టాడు. మడతబందులు మూడింటినీ ఒకే గీతలోకి తెచ్చి, వాటి ఇరుసులకి కొవ్వొత్తి మైనం రాశాడు. మళ్ళీ బిగించి, చూపుడు వేలితో తోశాడు. తలుపు జోరుగా వెళ్ళింది. ఆఖరి అంగుళంలో ఎవరో లోపల్నుంచి అరచేయి అడ్డం పెట్టినట్టు నెమ్మదించి, ఉన్ని ముక్క మీద ఆనింది. ఏ చప్పుడూ లేదు. అమ్మగారు వచ్చి తోశారు. మళ్ళీ తోశారు. ఇంకోసారి గట్టిగా తోశారు. ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

"అన్నీ ఇలాగే చేయండి," అన్నారు.

రెండో రోజు జంగయ్య మేకు తొక్కాడు. పెరట్లో స్లాబు పోసిన చెక్కలు కుప్పగా పడి ఉన్నాయి. పట్టీలకి పనికొస్తాయేమోనని వాటి మీద నడిచాడు. తుప్పు పట్టిన మేకు చెప్పును చీల్చుకుని పాదంలోకి దిగింది. మా ఇంట్లో నాయన కాలం నుంచీ దీనికి ఒకటే వైద్యం. మేకు పీకి, గాయం మీద చెప్పుతో నాలుగు దెబ్బలు కొట్టి చెడు రక్తం కార్చి, నూనెగుడ్డ కాల్చిన మసిలో పసుపు కలిపి అద్దడం. మా నాయన పాదాలకి అట్లాంటి మచ్చలు పది దాకా ఉండేవి. డెబ్బై ఏళ్ళు దాటి బతికాడు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకునేవాడిని. నేనే చెప్పు తీసి కొట్టాను, నేనే మసి అద్దాను.

"అన్నా, శ్రీనగర్ కాలనీల డాక్టరున్నడట," అన్నాడు జంగయ్య. "సూది ఏయించుకొని గంటల వస్త."

"మేకు కుచ్చిందని సూది కుచ్చిచ్చుకుంటవా? గిదేం తెలివిరా?" అన్నాను. "వడ్రంగోని కాలికి మేకు దిగకుంటె ఇంకెవని కాలికి దిగుతది? ఇంక నలభై తలుపులున్నయి."

వాడు నవ్వాడు. నేనన్న ప్రతిదానికీ నవ్వేవాడు దరిద్రుడు. కుంటుకుంటూ వెళ్ళి చిత్రిక పట్టుకున్నాడు. ఒక్క గంట అడిగాడు, నేను ఇవ్వలేదు. ఇప్పటికీ బస్సు ఆ ఇంటి ముందు నుంచి పోతుంటే నేను అవతలి పక్కకి తిరిగి కూర్చుంటాను.

పదో రోజు పొద్దున జంగయ్య మాట్లాడలేదు. మేడ మీద బట్టల అరల పని చేస్తున్నాం. పాట లేదు, గొంతులు మార్చడం లేదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో! ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చిందనుకున్నాను. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి ఒక ముద్ద కలిపాడు, మళ్ళీ మూత పెట్టేశాడు.

"ఏందిరా?"

"దవుడలు పట్టినయి," అన్నాడు పళ్ళ సందు నుంచి. "నోరు తెరుస్తలేదు."

"మంచిగైంది. గిట్లనే ఉండు. పని మంచిగ నడుస్తున్నది."

సాయంత్రం అమ్మగారు మేడ మీదికి వచ్చి చూసి, "మీ తమ్ముడు బాగా నేర్చుకున్నాడయ్యా, ఇవాళ అలికిడే లేదు," అన్నారు. నేను పొంగిపోయాను. ఛీ, నా బతుకు చెడ! నోరు పడిపోతున్న తమ్ముడిని చూసి మెప్పు తీసుకున్న అన్నని నేను.

మరునాడు తెల్లవారుతూనే, కృష్ణానగర్‌లో మా కిరాయి గదుల దగ్గర, వాడి పెళ్ళాం మంజులత మా తలుపు బాదింది. "బావా, జల్ది రా! చేతిల బిందె జారి కింద పడ్డది. గా చప్పుడుకు మనిషి వంకర తిరిగిండు."

వెళ్ళి చూస్తే జంగయ్య చాప మీద విల్లులా వంగి ఉన్నాడు. తల వెనక భాగం, మడమలు మాత్రమే నేలకి ఆనుతున్నాయి. పళ్ళు బయటపడి, నవ్వుతున్నట్టున్నాడు. నవ్వు కాదది. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. కళ్ళు నన్నే చూస్తున్నాయి.

సర్కారు దవాఖానకి తీసుకుపోయాం. ఏ దవాఖానో చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు. డాక్టరు చూసీ చూడగానే ధనుర్వాతం అన్నాడు. మేకు గుచ్చుకుని ఎన్నాళ్ళయిందని అడిగాడు. తొమ్మిది రోజులన్నాను. సూది వేయించారా అంటే లేదన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది.

"చీకటి గదిలో పెడతాం. మందులు మేము ఇస్తాం," అన్నాడు. "చప్పుడు కాకుండా మీరు చూసుకోవాలి. ప్రతి చప్పుడుకీ అతని ఒళ్ళు బిగుసుకుంటుంది. ఎప్పుడో ఒకసారి ఊపిరి దగ్గర బిగుసుకుంటే ఇక మా చేతుల్లో ఏం ఉండదు. పది రోజులు గడిపితే మనిషి దక్కుతాడు."

పది రోజులు. అంతే కావాలి.

వార్డు చివర చిన్న గది ఇచ్చారు. కిటికీకి దుప్పటి కట్టారు. కానీ అది అంతకుముందు మందుల గది. గోడ వెంట మూడు పాత చెక్క అలమారలు, ఆరు తలుపులు. మందులు పెట్టుకోవడానికి వేరే చోటు లేదు. నర్సమ్మలు ఎంత మెల్లగా మూసినా అవి ఠకామని కొట్టుకునేవి. కొట్టుకున్నప్పుడల్లా జంగయ్య వెన్ను మంచం మీద నుంచి లేచేది. మొదటి రోజు నేను లెక్కపెట్టాను, ముప్పై నాలుగు సార్లు. వాడు కేక కూడా పెట్టలేడు, దవడలు బిగుసుకుపోయాయి. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు మాత్రం కారేవి.

ఆ సాయంత్రం మంజులత చేతి గాజులు తీసేసింది. మట్టిగాజులు ఒక్కొక్కటే తీసి కొంగులో మూటగట్టింది. కాళ్ళ మెట్టెలూ తీసింది. వార్డులో ఎవరో ముసలామె చూసి గుండెలు బాదుకుంది. "మొగడు పానంతోని ఉండంగ గాజులు తీస్తవానే? పుట్టి మునుగుతదే!"

"గాజులదేముందమ్మా, మల్ల ఏసుకుంట," అంది మంజులత. "మనిషి ఉండాలె ముందు."

నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అలమారలు బాగు చేస్తానన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఆ గదిలో వడ్రంగం పనా? అతన్ని నువ్వే చంపేస్తావు."

"సుత్తి ముట్ట సార్. గదిల ఒక్క దెబ్బ కూడ కొట్ట. తలుపులు ఊడదీసి బయట చేస్త. గదే నా పని సార్, నాకు వేరేదేం రాదు."

ఆయన చివరికి సరేనన్నాడు.

ఉన్ని గుడ్డ కోసం జూబ్లీహిల్స్ వెళ్ళాను. పట్టాభిరామయ్య గారు వరండాలో ఎవరికో కథ వినిపిస్తున్నారు. నన్ను చూడగానే, "ఏంటయ్యా, కింద ఇంకా ఆరు తలుపులు అలాగే ఉన్నాయి, రేపు గృహప్రవేశం," అన్నారు. నేను సంగతి చెప్పాను. అయ్యో అన్నారు, మళ్ళీ కథలోకి వెళ్ళిపోయారు. అమ్మగారు లోపల్నుంచి అంతా విన్నారు. మిగిలిన ఉన్ని గుడ్డ చుట్ట ఆవిడే స్వయంగా తెచ్చి నా చేతికిచ్చారు.

"నాకు తలనొప్పే. అతనికి ఎలా ఉందో కదా," అన్నారు. "నిన్న మాట్లాడట్లేదని నేను మెచ్చుకున్నాను చూడు." నేనూ అదే మెచ్చుకున్నానని చెప్పలేకపోయాను.

ఆరు తలుపులకి మూడు రోజులు పట్టింది. తుప్పు పట్టిన స్క్రూలు కిర్రుమంటే వాడి ఒళ్ళు బిగుస్తుందని, ఒక్కోదానికి నూనె చుక్క వేసి గంటసేపు కాచుకుని, స్క్రూ డ్రైవరును గింజంత గింజంత తిప్పేవాణ్ణి. తలుపు ఊడాక ఒక పక్క నేను, ఇంకో పక్క పోచయ్య పట్టుకుని ఆవరణలోకి మోసేవాళ్ళం. పోచయ్య ఆ వార్డులో పని చేసే ముసలాయన. ఇంకో ఏడాదిలో రిటైర్ అవుతాడు. పాపం, ఆయనకి సంబంధం లేని పని. అయినా నేను ఆయన్ని ఎంత సతాయించానో! గదిలో గొంతు ఎత్తకూడదు కాబట్టి పళ్ళు కొరికి, కళ్ళెర్రజేసి సైగలతో తిట్టేవాణ్ణి. బయటికి రాగానే నోటితో తిట్టేవాణ్ణి.

"ఓ పెద్దమనిషీ, చెప్పులు ఇడిసి నడువుమని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"ఇడిసిన బిడ్డా. చూడు," అని ఆయన ఉత్త పాదాలు చూపించాడు. నాకు సిగ్గేసింది. అయినా తిట్టడం మానలేదు. భయం అంతా నోట్లోంచి కోపంగా వచ్చేది.

జంగయ్య చేసినట్టే చేశాను. అంచులకి పట్టీలు అతికి, సందు వెంట్రుక మందం ఉంచి, ఇరుసులకి మైనం రాశాను. చట్రంలో ఉన్ని ముక్కలు పెట్టాను. ఆఖరి తలుపు బిగించి మెల్లగా తోస్తుంటే వాడి కళ్ళు దాని వెంటే తిరుగుతున్నాయి. తలుపు నెమ్మదించింది కానీ ఒక పిసరు ముందే ఆగిపోయింది. వాడు నా వైపు చూసి, చూపును కింది మూలకి దించాడు. నాకు అర్థమైంది. కింద ఉన్ని దళసరి ఎక్కువైంది. వంగి బ్లేడుతో ఒక పొర తీశాను. మళ్ళీ తోశాను. ఈసారి నిండుగా ఆనింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. ఆ చీకట్లో నేను వాడి మంచం పక్కన కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చాను.

ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. అయిదో రోజు ఎనిమిది సార్లే వంగాడు. ఏడో రోజు మూడు సార్లు. డాక్టరు వాడి దవడ పట్టి చూసి, "కొంచెం వదులైంది. ఇంకో మూడు రోజులు," అన్నాడు. నర్సమ్మలు వేరే వార్డుల వాళ్ళని పిలుచుకొచ్చి ఆ తలుపులు చూపించేవారు. పోచయ్య అయితే పని లేకపోయినా ఒకసారి తెరిచి మూసి, తల ఊపుతూ వెళ్ళేవాడు. మంజులత గోడకి ఆనుకుని కూర్చునే కాస్త కునుకు తీసింది. నేను కూడా ధైర్యం తెచ్చుకున్నాను. వాడు లేచి తిరిగితే ఏమేం తిట్టాలో ముందే అనుకుంటూ ఉన్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మంజులత కుండలో నీళ్ళకి వెళ్ళింది. నేను గది గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాను. పోచయ్య ఉత్త కాళ్ళతో వచ్చాడు. ఆఖరి అలమార తెరిచి పెద్ద పళ్ళెం నిండా సీసాలు సర్దుకున్నాడు. రెండు చేతులూ నిండిపోయాయి. పక్కకి తిరిగి, మోచేత్తో తలుపును తోశాడు. గట్టిగా తోశాడు. తలుపు జోరుగా రావడం నేను చూశాను.

ఆ తలుపు నేను చేసిందే. వందసార్లు మూసి చూసిందే. ఆ క్షణం అదేదీ నాకు గుర్తు లేదు. ఒక్కటే తెలుసు, తలుపు కొట్టుకోబోతోంది.

"ఏయ్!" అని అరిచాను.

తలుపు ఆఖరి అంగుళంలో నెమ్మదించింది. మెత్తగా ఆనింది. ఏ చప్పుడూ చేయలేదు.

జంగయ్య వెన్ను మంచం మీద నుంచి లేచింది. అంతకుముందు ఎప్పుడూ అంత ఎత్తు లేవలేదు. అర నిమిషంలో దిగుతుందని చూశాను. దిగలేదు. ఛాతీ కదలడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. పోచయ్య పళ్ళెం కింద పెట్టి పరుగెత్తాడు. నర్సమ్మ వచ్చింది, డాక్టరు వచ్చాడు. ఏదో సూది, ఏదో గొట్టం. నేను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. వాడి కళ్ళు చివరిదాకా తెరిచే ఉన్నాయి. తరువాత ఒళ్ళు దానంతట అదే దిగింది. డాక్టరు గడియారం చూసుకున్నాడు.

మంజులత కుండ పట్టుకుని గుమ్మంలో ఉంది. ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. కుండ మెల్లగా కింద పెట్టింది, అప్పుడు కూడా చప్పుడు కాకుండా.

"ఎవలు అరిసింది?" అంది. "నల్లా కాడికి ఇనపడ్డది. ఎవలు?"

ఆమె నర్సమ్మని చూసింది. నన్ను చూసింది. నా నోరు తెరుచుకుంది. చెబుదామనే తెరిచాను, దేవుడి మీద ఒట్టు.

"నేనే బిడ్డా," అన్నాడు పోచయ్య. "చెయ్యి తలుపుల ఇరికింది. ఒర్రిన."

మంజులత ఆయన మీద పడింది. రెండు చేతులతో ఛాతీ మీద కొట్టింది, చొక్కా పట్టుకుని గుంజింది, ముఖం మీద రక్కింది. "మూడు రోజులుంటె బతుకుతుండె గదరా ముసలోడా! నీ నోరు పడిపోను!" ఆయన కదలకుండా నిలబడ్డాడు. ఆమె తల మీదుగా ఒక్కసారి నన్ను చూశాడు. ఆమె ఇక బతకాల్సింది నా ఇంట్లోనే అని, నా చేతి కూడే తినాల్సి ఉంటుందని ఆయన అప్పటికప్పుడే ఆలోచించాడు. ఎనిమిది రోజులు నా చేత తిట్లు తిన్న మనిషి. నేను తెరిచిన నోరు అట్లాగే మూశాను.

పదేళ్ళవుతోంది. మంజులత మాతోనే ఉంది. మా పిల్లల్ని తనే పెంచింది. నాకు అన్నం వడ్డిస్తుంది, జ్వరం వస్తే కాళ్ళు పిసుకుతుంది, దేవుడి తరువాత మా బావే అని నలుగురిలో చెబుతుంది. ఎప్పుడైనా బస్సులో ఆ దవాఖాన దారిన పోతే మాత్రం కిటికీలోంచి చూసి, "గా ముసలోడు ఎక్కడున్నడో, వాని నోట్ల మన్ను పడ. గాడు ఒర్రకపోతే మనోడు బతికి ఉండెటోడు, గదా బావా?" అంటుంది.

నేను ఊ అంటాను.